డైరెక్టరుకు కాండక్ట్ సర్టిఫికెట్

కూల్యాష్ ముప్ఫై ఒక్క ఏళ్లు కజాఖ్ దేశంలోని తరాజ్ బస్టాండులో మైకు ముందు కూర్చుని ఉద్యోగం చేసింది. "షూ వెళ్లే బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది" అనే వాక్యాన్ని కజాఖ్‌లో ఒకసారి, రష్యన్‌లో ఒకసారి, రోజుకు పదిసార్లు చదివి చదివి, రిటైరయ్యేనాటికి మామూలుగా మాట్లాడటం మరిచిపోయింది. భోజనాల బల్ల దగ్గర ఆమె ఉప్పు అందుకోమంటే చుట్టాలు లేచి సంచులు సర్దుకున్న సందర్భాలున్నాయి.

కుక్కల వ్యవహారం కూడా ఆ మైకు దగ్గరే మొదలైంది. షూ అనే ఊరికి మధ్యాహ్నం బస్సు కదలగానే ఆమెకు భోజన విరామం. డబ్బాలో మిగిలింది బస్టాండు వెనక కుక్కలకు పెట్టేది. కొన్నేళ్లకు ఆ కుక్కలు "షూ వెళ్లే బస్సు" అన్న మాట వినపడితే చాలు, బిలబిలమంటూ వచ్చి వరసగా కూర్చునేవి. ఆమె రిటైరైన రోజున సహోద్యోగులు పూలగుత్తి ఇచ్చి గేటు దాకా సాగనంపారు. కుక్కలు పదకొండూ ఇంటి దాకా సాగనంపాయి. అందులో రెండు తిరిగి వెళ్లలేదు.

ఆ తరవాత తొమ్మిదేళ్లుగా ఆమె పని ఇదే. వీధికుక్కను పట్టడం, డాక్టరు దగ్గర పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ టీకా చేయించడం, చెవికి ప్లాస్టిక్ బిళ్ల వేయించడం, కుట్లు మానేదాకా ఉంచుకోవడం, మళ్లీ దాని పెరట్లోనే వదలడం, వదిలినందుకు ఆ పెరట్లోవాళ్లతో పోట్లాడటం. ఈ చివరిదానికే ఎక్కువ సమయం పడుతుంది. ఫోనులో గ్రూపు పేరు 'తోకల సంఘం'. సభ్యులు ఇద్దరు. రెండో సభ్యురాలు పక్క వాకిలిలో ఉండే రిమ్మా పావ్లొవ్నా. ఆమె మందుల షాపులో పనిచేసి దిగిపోయిన మనిషి. చచ్చిపోయిన భర్త ఇచ్చిపోయిన ఇనప గ్యారేజీ ఒకటుంది. అందులో కారు లేదు కాబట్టి కుక్కలుంటాయి.

వాళ్లుండే అయిదంతస్తుల భవనాలు రెండింటి మధ్య ఉన్న పెరట్లో డైరెక్టర్ అని ఒక కుక్క ఉండేది. పసుపురంగు, వెడల్పాటి ఛాతీ, ఎడమ చెవికి ఆకుపచ్చ బిళ్ల. ప్రతి ఉదయం ఏడింటికి చెత్తడబ్బాలు, గ్యారేజీలు, నాలుగు వాకిళ్లు వరసగా చూసుకుంటూ, ఒక్కోచోట ఆగి, ఏదో లోపం కనిపెట్టినట్టు ముక్కుతో ఊపిరి వదిలి ముందుకు కదిలేది. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, పెట్టాక అందరూ ఆ కుక్కను 'ఆయన' అనసాగారు. ఆయన ఏ ఇంట్లోకీ రాడు. కూల్యాష్ రెండుసార్లు ప్రయత్నించింది. రెండో అంతస్తు మెట్ల దగ్గర నిలబడి, ఎవరో పోయినట్టు ఏడుపు లంకించుకున్నాడు. పైవాళ్లు నిజంగానే పరామర్శకు దిగివచ్చారు.

ఇలా ఏడేళ్లు గడిచాక ఏప్రిల్‌లో ఆ గుర్రపు సాసేజీ గొడవ జరిగింది.

భవనం చైర్మన్ జక్సిబెక్. ఒక ఫ్యాక్టరీలో సిబ్బంది విభాగంలో ముప్ఫై ఏళ్లు చేశాడు. ఉద్యోగులకు కాండక్ట్ సర్టిఫికెట్లు రాయడం ఆయన పని. నాలుగువేల పైచిలుకు రాశానని చెప్పుకుంటాడు. ఆ రోజు పల్లెనుంచి తమ్ముడు పంపిన సాసేజీ, మోచేయంత పొడవున్నది, సంచీలో పెట్టుకుని వచ్చి, ఫోను మోగితే సంచీని బెంచీమీద పెట్టాడు. ఫోను పెట్టేసి చూసేసరికి సాసేజీ ఒక కొస సంచీలో, రెండో కొస డైరెక్టరు నోట్లో ఉంది. ఇద్దరూ చెరోవైపు లాగారు. ఆఖరికి సాసేజీ ఆయనకీ, ప్యాంటు అంచు చిరుగు ఈయనకీ దక్కాయి.

జక్సిబెక్ ఆ మధ్యాహ్నమే కుక్కలు పట్టేవాళ్లకు అర్జీ రాసిచ్చాడు. చెవికి బిళ్ల ఉన్న కుక్కను మామూలుగా వాళ్లు ముట్టుకోరు. కానీ చైర్మనే సంతకం చేసి 'మనుషుల మీద పడుతోంది' అని రాస్తే బిళ్లను పట్టించుకోరు. సోమవారం ఉదయం పదింటికి వ్యాను వస్తుందని జవాబొచ్చింది. వ్యాను ఎక్కిన కుక్క తిరిగి దిగడం కూల్యాష్ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు.

ముందు ఆమె సంతకాలకు బయల్దేరింది. అరవై ఇళ్లు. పద్నాలుగో నంబరు ఇంటావిడ, పావురాలను కూడా కలిపి రాస్తేనే చేస్తానంది. ఇరవై రెండో నంబరు పెద్దాయన వెంటనే చేశాడు. అంతకు ముందురోజు కుక్కను పట్టించాలని జక్సిబెక్ తిప్పిన కాగితం మీద కూడా చేశాడని తరవాత తేలింది.

"రెండిటి మీదా ఎలా చేశారు అగా?" అని కూల్యాష్ నిలదీసింది, పెద్దవాళ్లను పిలిచే పిలుపుతోనే.

"ఇద్దరూ మర్యాదగా అడిగారు కదమ్మా."

ముప్ఫై ఎనిమిది సంతకాలతో ఆమె జక్సిబెక్ తలుపు కొట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితం పైనుంచి కిందికి చదివాడు. ఒకచోట వేలు పెట్టాడు.

"ఇక్కడ తేదీ లేదు."

"తేదీ పెడితే అర్జీ వెనక్కి తీసుకుంటావా?"

"తీసుకోను. తేదీ లేదని చెబుతున్నానంతే. కూల్యాష్, నెమ్మదిగా మాట్లాడు. ఎదురింటివాళ్లు తలుపు తీసి చూస్తున్నారు."

"ఒక్క సాసేజీ కోసం ప్రాణం తీస్తావా జక్సిబెక్?"

"ఒక్క సాసేజీయా? కొవ్వు నాలుగు వేళ్ల మందం ఉంది దానికి! ఇంతకీ ఆదివారం మా మనవడికి తుసౌ కోస్తున్నాం. పెరట్లోనే తోయ్. నగర కార్యాలయం నుంచి ఖైర్బెక్ ముసాయెవిచ్ గారు వస్తున్నారు, ఆయన చేతనే కోయిస్తున్నాను. ఆ మనిషి ముందు నీ డైరెక్టరు కనపడ్డాడో, సోమవారం దాకా ఆగను."

తోయ్ అంటే వేడుక విందు. తుసౌ అంటే, అప్పుడే నడక నేర్చిన పిల్లవాడి రెండు కాళ్లకూ కలిపి కట్టే బంధం. దాన్ని ఎవరు కోస్తే పిల్లవాడికి వాళ్ల నడక, వాళ్ల నడత వస్తాయి. అందుకే కోసేవాళ్లను ఏరి ఏరి పిలుస్తారు. మనవడు ఎర్నార్ పెద్దయ్యాక నగర కార్యాలయంలో కుర్చీమీద కూర్చోవాలని జక్సిబెక్ కోరిక.

ఇక మిగిలింది జక్సిబెక్ తల్లి బిబిసారా. ఎనభై నాలుగేళ్లు. పెరట్లో అందరికీ 'అజే', అంటే నాయనమ్మ. కొడుకు ఒక్కరి మాట వింటాడంటే ఆమె మాటే. కూల్యాష్ వంటింట్లో నేలమీద దుప్పటి పరుచుకుని కూర్చుని, ఆవిడ పోసిన పాల టీ ఆరు కప్పులు తాగి, ఏడో కప్పుకి విషయం కదిపింది.

"నువ్వు అరవకే తల్లీ, నాకు చెవుడు లేదు," అంది బిబిసారా. "కుక్క సంగతి తోయ్ అయ్యాక చూద్దాం. ముందు నా సంగతి చూడు. కోడళ్లు నలుపూ తెలుపూ దారం పేని తెచ్చారు తుసౌకి. దారమేమిటి, దారం! మా కాలంలో కొవ్వు పట్టిన గొర్రె పేగుతో కట్టేవాళ్లం. పిల్లాడి బతుకంతా నెయ్యికారుతూ ఉండాలని. బజారులో కసాయివాళ్లు నీకు తెలుసుగా?"

తెలియకేం. వాళ్ల దగ్గరే కదా ఆమె రోజూ ఊపిరితిత్తులూ పేగులూ పట్టుకొచ్చి కుక్కలకు వండేది. ఆదివారం పొద్దున్నే బజారుకి వెళ్లి, మంచి పేగు ఒకటి, వేలెడు మందం కొవ్వున్నది, ఏరి తెచ్చింది. ఏ సంచీలో తెచ్చింది అని అప్పుడు ఎవరూ అడగలేదు. రోజూ కుక్కల తిండి తెచ్చే, పెరట్లో కుక్కలన్నీ వెంటపడి నడిచే తన గళ్ల సంచీలోనే తెచ్చింది.

డైరెక్టరును మాత్రం ఆమె మరువలేదు. తొమ్మిదింటికే రిమ్మా గ్యారేజీలో పెట్టి తలుపు వేయించింది.

"గడియ సరిగ్గా వేశావా?"

"మందుల షాపు తాళాలు వేసిన చేతులివి, కూల్యాష్. నాకు చెప్పకు."

తోయ్ బ్రహ్మాండంగా మొదలైంది. గిన్నెల్లో మాంసం ఉడుకుతోంది. బల్లలమీద రొట్టెలు, బౌర్సాకులనే వేయించిన పిండి ఉండలు, ఎండు ద్రాక్ష. పెరటి మధ్యలో పిల్లవాడు నడవడానికి తెల్లగుడ్డ పరిచారు. ఖైర్బెక్ ముసాయెవిచ్ గారి భుజాలమీద జరీ అంచు నీలం షాపాన్ అంగరఖా కప్పారు. ఎర్నార్‌ను గుడ్డ మొదట్లో నిలబెట్టి, బిబిసారా తన చేతులతో పేగు కాళ్లకు ఎనిమిది ఆకారంలో చుట్టి ముడివేసింది. పిల్లవాడు వంగి దాన్ని నాకబోతే తల్లి చెయ్యి పట్టుకుంది.

ఖైర్బెక్ ముసాయెవిచ్ చాకు చేతిలోకి తీసుకుని ప్రసంగం అందుకున్నాడు. పిల్లవాడి భవిష్యత్తుతో మొదలుపెట్టి, నగరంలో వేసిన కొత్త పైపులైన్ల దాకా వెళ్లాడు. అక్కణ్ణించి తిరిగి వచ్చే సూచనలు లేవు.

ఈలోగా రిమ్మా పావ్లొవ్నాకి మనసు ఊరుకోలేదు. పెరటంతా విందు చేసుకుంటుంటే ఆయనొక్కడూ చీకట్లో కూర్చోవడం ఏమిటి అనిపించింది. పళ్లెంలో ఎముక పెట్టుకుని గ్యారేజీకి వెళ్లి, తలుపు బెత్తెడు తీసింది. ఎముక ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆయన బెత్తెడు సందులోంచి, పళ్లెం మీంచి, ఆమె కాళ్ల మధ్యలోంచి వెళ్లిపోయాడు.

కూల్యాష్ అటు తిరిగి చూసేసరికి డైరెక్టరు తెల్లగుడ్డ రెండో చివర నిలబడి గాలి వాసన చూస్తున్నాడు. పరుగు లేదు, తొందర లేదు. నలుగురు చూసే దారి అని తెలిసినట్టు, గుడ్డ నడిమధ్యన, హుందాగా అడుగులు వేసుకుంటూ వస్తున్నాడు. జనమంతా ప్రసంగం వినీ వినీ కునుకుతున్నారేమో, ఎవరూ కదల్లేదు.

కూల్యాష్ చప్పున లేచింది. అరవకూడదు. పిలవాలి. ఆమెకు తెలిసిన పిలుపు ఒక్కటే.

"షూ వెళ్లే బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది!"

పెద్దాయన ఒకడు అలవాటుగా లేచి నిలబడ్డాడు. గ్యారేజీల వెనకనుంచి ఇంకో ఆరు కుక్కలు పరిగెత్తుకొచ్చి ఆమె ముందు వరసగా కూర్చున్నాయి. డైరెక్టరు మాత్రం ఒక చెవి ఇటు తిప్పాడు. అటు పేగు ఉంది. చెవి తిరిగి యథాస్థానానికి వెళ్లింది.

"...ఆ విధంగా, ఈ చిరంజీవి మార్గం కూడా, మన పైపులైన్ల లాగే..." అంటూ ఖైర్బెక్ ముసాయెవిచ్ చాకు పైకెత్తి వంగాడు. ఆయన వంగేసరికి కింద డైరెక్టరు తల ఉంది. ఒకే ఒక్క కొరుకు. ముడి తెగింది. పేగు లోపలికి పోయింది. పిల్లవాడి చర్మం మీద గీత కూడా పడలేదు, కొంచెం తడి అంటుకుంది అంతే.

ఎర్నార్ కిలకిల నవ్వాడు. అప్పటిదాకా రెండడుగులు వేసి కూలబడే పిల్లవాడు డైరెక్టరు తోక పట్టుకుని, తెల్లగుడ్డ ఈ చివరనుంచి ఆ చివరకు పరుగెత్తాడు.

చాకు ఇంకా పైకే పట్టుకున్న ఖైర్బెక్ ముసాయెవిచ్ అన్నాడు: "నేను పావుగంటనుంచి మాట్లాడుతున్నాను!"

"అందుకే," అంది వెనకనుంచి ఒక ఆడగొంతు.

జక్సిబెక్ ముఖం ఎర్రబడి, తెల్లబడి, మళ్లీ ఎర్రబడింది. "పరువు పోయింది! ఇంకో పేగు తీసుకురండి! దారమైనా తెండి! మళ్లీ కడదాం!"

"పిల్లాడి మీంచి చెయ్యి తియ్యి," అంది బిబిసారా కూర్చున్నచోటినుంచే. "తుసౌ బతుక్కి ఒక్కసారే కోస్తారు. తెగిన కాళ్లను మళ్లీ కడితే పిల్లాడి దారి కట్టేసినట్టు. ఎవరు కోశారో వాళ్లే కోశారు."

"అమ్మా, కోసింది కుక్క!"

"నాకు కళ్లు కనపడతాయి. ఏం, పసివాడికి నలభై రోజులు నిండినప్పుడు వాడి మొదటి చొక్కా మిఠాయిలు మూటగట్టి ఏ కుక్క మెడకు కట్టాం? అందరిళ్లలోనూ చేసేదేగా. ఎవరి మెడకు కట్టాం చెప్పు."

జక్సిబెక్ నసిగాడు. "ఈయన మెడకే."

"పిల్లలు తరిమితే చొక్కాతో పాటు మూడు రోజులు మాయమయ్యాడు కూడా," అని అందించింది రిమ్మా, ఎముక ఉన్న పళ్లెం పట్టుకుని.

"చూశావా. అప్పట్నుంచీ సంబంధం ఉంది," అంది బిబిసారా. "ఇప్పుడు అసలు సంగతి. కోసినవాడి నడత పిల్లాడికి వస్తుంది. వీడి నడత గురించి నువ్వేదో కాగితం రాశావుట కదా. చదువు."

"అమ్మా, ఇంతమందిలోనా..."

"రాసేటప్పుడు సిగ్గు లేదుగా. చదువు."

కూల్యాష్ దగ్గర నకలు ఉంది. తొమ్మిదేళ్ల అనుభవం, ప్రతి కాగితానికీ నకలు ఉంచుకుంటుంది. తెచ్చి ఇచ్చింది. జక్సిబెక్ చదవడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు ప్రకారం దాన్ని కూడా ఆయన కాండక్ట్ సర్టిఫికెట్ పద్ధతిలోనే రాశాడు.

"స్థిరనివాసం లేదు. ఏ పనీ చేయడు. పరాయి తిండిమీద బతుకుతాడు. పెద్దల మాట లెక్కచేయడు. దొంగతనం అలవాటు. సమాజంలో ఉండతగడు."

ఒక్కో వాక్యానికీ కోడలు పిల్లవాణ్ణి ఇంకొంచెం గట్టిగా హత్తుకుంది. ఆఖరి వాక్యానికి ఏడుపు మొదలుపెట్టింది.

"అయితే నా మునిమనవడు పెద్దయ్యాక ఇల్లూ వాకిలీ లేకుండా, సాసేజీలు దొంగిలించుకుంటూ తిరుగుతాడన్నమాట," అంది బిబిసారా. "స్వయంగా తాతే సంతకం పెట్టి ఇచ్చాడు. ముద్ర కూడా వేశావా?"

"వేశాను," అన్నాడు జక్సిబెక్ వినీ వినపడకుండా.

"కలం తెచ్చుకో."

బల్లమీద రొట్టెలు పక్కకు జరిపి కాగితం పరిచారు. ఖైర్బెక్ ముసాయెవిచ్‌కు ముఖ్య అతిథికిచ్చే గొర్రె తలకాయ ముందు పెట్టి, షాపాన్ ఆయనకే ఉంచి శాంతింపజేశారు. జనం బల్ల చుట్టూ మూగారు. జక్సిబెక్ కళ్లజోడు తుడుచుకున్నాడు.

"నాలుగువేల సర్టిఫికెట్లలో ఒక్క అబద్ధం రాయలేదు నేను. ఇప్పుడు రాయమంటే రాయను."

"అబద్ధం ఎవడు రాయమన్నాడు?" అంది కూల్యాష్. "ఏడేళ్లుగా ఒకే పెరట్లో ఉన్నాడు. అది స్థిరనివాసం కాదా?"

జక్సిబెక్ ఆలోచించాడు. "స్థిరనివాసం ఉంది," అని రాశాడు. "సరే. ఉద్యోగం?"

"రోజూ ఏడింటికి గస్తీ."

"జీతం లేదు కదా."

"సామాజిక సేవ అని రాయి. నాకుందా జీతం?"

"మద్యం?"

"ముట్టడు."

"ఇది మాత్రం మా రెండో అబ్బాయి గురించి కూడా రాయలేకపోయాను," అంటూ రాశాడు జక్సిబెక్. "కుటుంబ పరిస్థితి?"

"ఆపరేషన్ అయింది," అంది రిమ్మా.

జక్సిబెక్ కొంచెంసేపు కలం ఆపి, "అవివాహితుడు" అని వేశాడు.

"ఇక క్రమశిక్షణ," అన్నాడు తలెత్తి. గొంతు గట్టిపడింది. "ఇక్కడ సాసేజీ సంగతి రాయాల్సిందే. దాచను."

"జక్సిబెక్!"

"రాయకపోతే సర్టిఫికెట్ చెల్లదు కూల్యాష్. ఒక్క మచ్చా లేని కాగితాన్ని ఎవడూ నమ్మడు. నాకు తెలీదూ?" అని, నాలుక కొస పళ్లమధ్య పెట్టుకుని రాసి, పైకి చదివాడు: "సాసేజీ విషయమై ఒక తప్పు నమోదైంది. మౌఖికంగా మందలించడమైనది. పశ్చాత్తాపం కనిపించింది."

"ఎక్కడ కనిపించింది?" అన్నాడు ఇరవై రెండో నంబరు పెద్దాయన.

అందరూ డైరెక్టరు వైపు తిరిగారు. ఆయన బిబిసారా పాదాల దగ్గర పడుకుని, రిమ్మా ఎముకను రెండు కాళ్లతో పట్టుకుని, కళ్లు మూసుకుని నమలుతున్నాడు.

"కళ్లు మూసుకున్నాడుగా," అంది బిబిసారా. "రాసిందే ఉంచు."

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకే కూల్యాష్ ఇస్త్రీ చేసిన జాకెట్టు వేసుకుని కిందికి దిగింది. పాత అర్జీ రద్దయిందో లేదో ఎవరూ చెప్పలేదు. నగర కార్యాలయానికి సెలవురోజు ఫోను చేస్తే ఎవరెత్తుతారు? ఏమైనా జరగవచ్చు. వ్యాను ముందు నిలబడి చెప్పడానికి నాలుగు పేజీల ప్రసంగం తయారు చేసుకుంది. పెరట్లోకి వచ్చి చూస్తే, దారికి అడ్డంగా కుర్చీ వేసుకుని జక్సిబెక్ కూర్చుని ఉన్నాడు. టై కట్టుకున్నాడు.

"నువ్వెందుకు? నేను మాట్లాడతాను," అంది ఆమె.

"పత్రం రాసింది నేను. వివరణ ఇవ్వాల్సింది నేను."

వ్యాను పదింటికి సరిగ్గా వచ్చింది. ఉచ్చు కర్రలు పట్టుకుని ఇద్దరు దిగారు. జక్సిబెక్ లేచి కొత్త కాగితం చేతికిచ్చాడు. పెద్దవాడు దాన్ని చదివి, తన దగ్గరున్న పాతదాన్ని తీసి చదివి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"అగా, ఇవి రెండు కుక్కల గురించా?"

"ఒకటే కుక్క."

"సంతకాలు?"

"రెండూ నావే."

"ఇది పోయిన వారం. ఇది నిన్న. మధ్యలో ఏం జరిగింది?"

"తోయ్ జరిగింది," అన్నాడు జక్సిబెక్.

రెండోవాడు నవ్వు ఆపుకోలేక వ్యాను చక్రం వైపు తిరిగాడు. పెద్దవాడు నవ్వలేదు. అతనికి పై అధికారి ఉన్నాడు.

"మేం ఖాళీగా వెళితే కారణం చూపించాలి. ఇదిగో ఫారం. 'పట్టకపోవడానికి కారణం' అని గడి ఉంది. 'దొరకలేదు' అని రాద్దామంటే, అదుగో, మా వ్యాను టైర్లు పరీక్షిస్తున్నాడు. ఏం రాయమంటారు?"

కూల్యాష్ నాలుగు పేజీలు విప్పింది. ఊపిరి తీసుకుంది. ఆ లోపే జక్సిబెక్ అన్నాడు: "బంధువు అని రాయండి."

"కుక్కని?"

"నా మనవడి తుసౌ కోశాడు. ఏం, మీ ఊళ్లో ఏమంటారు అలాంటివాణ్ణి?"

పట్టేవాడు బుర్ర గోక్కున్నాడు. వాడిదీ తరాజ్ పక్క ఊరే. తన తుసౌ కోసిన మేనమామ చనిపోయేదాకా ప్రతి పండక్కీ వాళ్లింట్లో పై వరసలోనే కూర్చున్నాడు. కలం తీసి, గడిలో 'బంధువు' అని రాసి, చుక్క పెట్టబోయాడు.

"ఆగు," అని జక్సిబెక్ వేలు అడ్డం పెట్టాడు. ఆ వేలికి ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉంది. "రికార్డుల్లో ఉండిపోయే మాట. ఉన్నదున్నట్టు ఉండాలి. సాసేజీ దొంగలు మా వైపు లేరు. బ్రాకెట్లో 'కోడలి తరఫు' అని రాయి."